సర్వర్‌కి తగిలించిన యూఎస్‌బీ బ్యాకప్ డిస్కుని తీసేముందు యుమౌంట్ (డిస్కుని సిస్టమ్ నుంచి విడదీసే ఆదేశం) ఒక్కటి సరిపోతుందా?

రాత్రిబ్యాకప్ (ప్రశ్న)

డెబియన్ 12 (లినక్స్) సర్వర్, ర్యామ్ 32 జీబీ. తెరా కీబోర్డూ లేవు, పనంతా ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) మీదే. రెండు బేల (డిస్కు పెట్టే అరల) యూఎస్‌బీ డాక్‌లో రెండు 4 టీబీ హార్డ్ డిస్కులున్నాయి. ఒకటి ఎప్పుడూ డాక్‌లోనే ఉంటుంది, రెండోదాన్ని వారానికోసారి తీసి వేరే చోట దాచి, దాని జోడీని పెడతాం. తీసే డిస్కు మీద లక్స్ ఎన్‌క్రిప్షన్ (డేటాకి తాళం వేసే పొర), దాని లోపల ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్. ఆర్‌సింక్‌తో (ఫైళ్లకి నకలు తీసే టూల్) బ్యాకప్.

సందేహాలివి:

1. ఆర్‌సింక్ ముగిశాక యుమౌంట్ కొడితే ఒక్కోసారి మూడు నాలుగు నిమిషాలు కదలదు. వేలాడిపోయిందా, పని చేస్తోందా? కంట్రోల్-సీ కొట్టొచ్చా?
2. కొన్నిసార్లు "టార్గెట్ ఈజ్ బిజీ" అంటుంది. ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో (తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా) ఏమీ కనపడదు. యుమౌంట్‌కి -ఎల్ పెడితే వెంటనే పోతుంది. అది వాడొచ్చా?
3. ఇంకొన్నిసార్లు యుమౌంట్ చక్కగా అవుతుంది గానీ, క్రిప్ట్‌సెటప్ క్లోజ్ (లక్స్ పొరని మూసే ఆదేశం) దగ్గర "డివైస్ ఈజ్ స్టిల్ ఇన్ యూజ్" అంటుంది. మౌంటే లేనప్పుడు వాడకం ఎక్కడిది?
4. యుడిస్క్స్‌సీటీఎల్‌తో డిస్కుని పవర్-ఆఫ్ చేస్తే డాక్‌లో ఉండిపోవాల్సిన రెండో డిస్కు కూడా మాయమైంది. ఎందుకు?

---

పేజీక్యాష్

మొదటిదానికి జవాబు: అది పనే చేస్తోంది, కదిలించకండి.

ఆర్‌సింక్ "అయిపోయింది" అన్నది ర్యామ్‌లోకి రాయడం అయిపోయిందని. డిస్కు మీదకి చేరాల్సింది పేజీ క్యాష్‌లో (రాతలు తాత్కాలికంగా ఉండే ర్యామ్ భాగం) ఇంకా మిగిలే ఉంటుంది. ఈ బాకీ ఎంతవరకూ పెరగొచ్చన్నది విఎం.డర్టీ_రేషియో అనే కెర్నల్ సెట్టింగ్ చూసుకుంటుంది. డీఫాల్ట్ విలువ 20, అంటే అందుబాటులో ఉన్న మెమరీలో 20 శాతం. మీ 32 జీబీ మెషీన్‌లో సుమారు 6 జీబీ దాకా పోగుపడొచ్చు. యూఎస్‌బీ డిస్కు చిన్న చిన్న ఫైళ్లకి సెకనుకి 30 ఎంబీ ఇచ్చిందనుకుంటే 6 జీబీ దించడానికి 200 సెకన్లు. మీరు చూస్తున్న మూడు నిమిషాలు అవే.

కళ్లతో చూడాలంటే ఇంకో టెర్మినల్‌లో:

వాచ్ -ఎన్1 "గ్రెప్ -ఈ డర్టీ -ఈ రైట్‌బ్యాక్ /ప్రాక్/మెమ్‌ఇన్ఫో"

డర్టీ అన్న వరుస తగ్గుతూ ఉంటే రాత జరుగుతున్నట్టే. రెండూ సున్నా దగ్గరికి వచ్చి కూడా యుమౌంట్ కదలకపోతే అప్పుడు డీఎంఈఎస్‌జీ (కెర్నల్ సందేశాల చిట్టా) చూడండి, యూఎస్‌బీ రీసెట్ సందేశాలు వరసగా పడుతుంటే కేబులో డాకో అసలు సమస్య. ఈ మొత్తం అంకె సర్వర్‌లో ఉన్న డిస్కులన్నిటికీ కలిపి అని మరవకండి. డేటాబేస్ ఒకటి పక్కన నడుస్తుంటే అది ఎప్పటికీ పూర్తి సున్నా కాదు.

కంట్రోల్-సీ కొట్టినా ఆ దశలో ప్రాసెస్ సాధారణంగా వినదు. వినకపోవడమే మంచిది కూడా.

ఆ నిరీక్షణని యుమౌంట్ దగ్గర పెట్టుకోకుండా స్క్రిప్టులో విడిగా పెట్టుకోండి: సింక్ -ఎఫ్ /బ్యాకప్. చిన్న ఎఫ్ పెడితే ఆ దారి ఉన్న ఫైల్‌సిస్టమ్ ఒక్కదాన్నే దించుతుంది. ఉత్త సింక్ అయితే సర్వర్‌లోని డిస్కులన్నిటినీ దించమంటుంది, అనవసరంగా ఆలస్యం.

బాకీ అంత పేరుకోకూడదనుకుంటే విఎం.డర్టీ_బైట్స్‌ని 268435456కి, విఎం.డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_బైట్స్‌ని 67108864కి పెట్టొచ్చు, అంటే 256 ఎంబీ, 64 ఎంబీ. బైట్స్ పెట్టగానే రేషియో సున్నా అయిపోతుంది, కంగారు పడకండి, రెండిట్లో ఒకటే అమల్లో ఉంటుంది. కాకపోతే ఇది మెషీన్ మొత్తానికీ వర్తించే మీట. లోపలి డిస్కుల మీద ఒక్కసారిగా పెద్ద రాతలు పడే పనులుంటే వాటి వేగమూ తగ్గుతుంది. మౌంట్ ఆప్షన్లలో సింక్ పెట్టమని కొందరు చెప్తారు, వినకండి. ప్రతి చిన్న రాతకీ డిస్కు కోసం ఆగాల్సి వస్తుంది, బ్యాకప్ తెల్లారినా ముగియదు.

---

ఇనోడ్

రెండూ మూడూ నేను తీసుకుంటాను. ఇవి చూడ్డానికి ఒకేలా ఉన్నా వేర్వేరు జబ్బులు.

"బిజీ" వచ్చినప్పుడు, ఆ డిస్కుని ఏ ప్రాసెస్‌లు వాడుతున్నాయో చూడండి:

సుడో ఫ్యూజర్ -వీఎం /బ్యాకప్

సుడో (రూట్ హక్కు) లేకుండా ఎల్‌ఎస్‌ఓఎఫ్ నడిపితే ఇతరుల ప్రాసెస్‌లు తెరిచిన ఫైళ్లు కనపడవు, చాలామంది మోసపోయేది అక్కడే. ఫ్యూజర్ చూపే వరుసలో చిన్న సీ ఉంటే ఆ ప్రాసెస్ ఆ ఫోల్డర్‌లో కూర్చుని ఉందని అర్థం. పది సార్లకి ఏడెనిమిది సార్లు అది మీ సొంత షెల్లే. వేరే టెర్మినల్ (టీమక్స్) కిటికీలో ఆ ఫోల్డర్‌లోకి సీడీ చేసి మరచిపోయి ఉంటారు.

ఒక హెచ్చరిక. ఫ్యూజర్ -కేఎం, అంటే అడ్డున్నవాటిని చంపేసే రూపం, స్క్రిప్టులో ఉత్తినే పెట్టకండి. డిస్కు అప్పటికే మౌంట్‌లో లేకపోతే /బ్యాకప్ అన్నది రూట్ ఫైల్‌సిస్టమ్‌లో ఒక మామూలు ఫోల్డర్. -ఎం అన్నది "ఈ ఫైల్‌సిస్టమ్‌ని వాడుతున్న అందరూ" అని కాబట్టి, రూట్‌ని వాడుతున్న ప్రాసెస్‌లన్నిటికీ కిల్ పడుతుంది. మీ ఎస్‌ఎస్‌హెచ్‌తో సహా. పెట్టి తీరాలనుకుంటే పెద్ద ఎం కూడా చేర్చండి, దారి నిజంగా మౌంట్ పాయింట్ అయితేనే పని చేస్తుంది.

ఎల్‌ఎస్‌ఓఎఫ్, ఫ్యూజర్ రెండూ ఏ ప్రాసెస్‌నీ చూపకపోతే, పట్టుకున్నది కెర్నలే. ఇంటిదొంగని ఈశ్వరుడూ పట్టలేడన్నట్టు, ఇది ప్రాసెస్ జాబితాలో దొరకదు. వెతకాల్సిన చోట్లు: స్వాపాన్ --షో (ఆ డిస్కు మీద స్వాప్ ఫైల్), లాస్‌సెటప్ -ఏ (ఆ డిస్కు మీది ఇమేజ్ ఫైలుని లూప్ డివైస్‌గా తెరిచి ఉండటం), ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ -వీ (ఎన్‌ఎఫ్‌ఎస్‌లో పంచి ఉండటం), ఫైండ్‌ఎంఎన్‌టీ -ఆర్ /బ్యాకప్ (దాని లోపల ఇంకో మౌంట్ ఉండటం, ఇక్కడ పెద్ద ఆర్). ఎన్‌ఎఫ్‌ఎస్ అయితే ముందు ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ -యు తో ఆ పంపకం ఆపి, తర్వాత యుమౌంట్.

-ఎల్ సంగతి. అది డిస్కుని విడిపించదు, పేరుని దాచేస్తుంది. ఫోల్డర్ జాబితాలో మౌంట్ కనపడదు, కానీ ఎవరో ఒకరు తెరిచి ఉన్నంతసేపూ ఫైల్‌సిస్టమ్ లోపల బతికే ఉంటుంది, రాతలూ సాగుతూనే ఉంటాయి. ఎప్పుడు ముగిసిందో చెప్పే దిక్కు ఉండదు. డిస్కు తీయబోతున్న మనిషికి ఇంతకంటే చెడ్డ ఆప్షన్ లేదు.

ఇక మూడోది. కంటెయినర్లు (డాకర్ లాంటివాటిలో, విడి వాతావరణంలో నడిచే ప్రోగ్రాములు) నడుస్తున్నాయా ఆ మెషీన్‌లో?

---

రాత్రిబ్యాకప్

నడుస్తున్నాయండీ. డాకర్‌లో ఒక ఫైల్ బ్రౌజర్ ఉంది, దానికి హోస్ట్ రూట్ మొత్తం రీడ్-ఓన్లీ వాల్యూమ్‌గా ఇచ్చాం. రీడ్-ఓన్లీ కదా, దానివల్ల ఏమవుతుందని పట్టించుకోలేదు.

---

ఇనోడ్

దొరికింది. కంటెయినర్ మొదలైనప్పుడు ఆ డిస్కు మౌంట్ అయి ఉంటే, ఆ మౌంట్‌కి ఒక నకలు కంటెయినర్ సొంత మౌంట్ నేమ్‌స్పేస్‌లోకి (దానికి విడిగా ఉండే మౌంట్ల జాబితా) వెళ్తుంది. వాల్యూమ్‌కి ఆర్‌ప్రైవేట్ ప్రొపగేషన్ ఉంటే బయట జరిగే మౌంట్ మార్పులు లోపలికి ప్రసారం కావు. అంటే మీరు హోస్ట్‌లో యుమౌంట్ చేసిన కబురు లోపలికి చేరదు. హోస్ట్ వైపు ఎవరూ వాడట్లేదు కాబట్టి యుమౌంట్ గొడవ లేకుండా అవుతుంది, లోపలి నకలు మాత్రం ఫైల్‌సిస్టమ్‌ని బతికించే ఉంచుతుంది. అందుకే లక్స్ పొర మూయనివ్వదు. రీడ్-ఓన్లీ అన్నది ఆ నకలుకి మాత్రమే, కింద ఉన్న ఎక్స్‌టీ4 రాయగలిగే స్థితిలోనే ఉంటుంది.

ఇంకో మెలిక: ఇలాంటప్పుడు యుమౌంట్ డేటాని దించదు. ఫైల్‌సిస్టమ్ వాడకందారుల్లో చివరివాడు వెళ్లినప్పుడే అది పూర్తిగా మూతపడుతుంది. మీరు చివరివారు కాకపోతే యుమౌంట్ క్షణంలో తిరిగొస్తుంది. అనుమానించాల్సిందే ఆ వేగాన్ని.

ఎవరి దగ్గరుందో ఇలా తెలుస్తుంది:

సుడో గ్రెప్ -ఎల్ మ్యాపర్/బ్యాకప్ /ప్రాక్/*/మౌంట్‌ఇన్ఫో

"మ్యాపర్/బ్యాకప్" చోట మీ లక్స్ మ్యాపింగ్ పేరు. దారిలో వచ్చే అంకెలే ప్రాసెస్ నంబర్లు. ఆ కంటెయినర్ ఆపితే నకలు పోతుంది. శాశ్వతంగా కావాలంటే వాల్యూమ్‌కి ఆర్‌స్లేవ్ పెట్టండి, హోస్ట్‌లో జరిగే మౌంట్, యుమౌంట్ లోపలికీ చేరతాయి. అంతకన్నా మేలు, రూట్ మొత్తం ఇవ్వడం మానేసి అవసరమైన ఫోల్డర్లే ఇవ్వడం.

---

కుదురు

నాలుగోదానికి. మీ డాక్ సర్వర్‌కి ఒకే యూఎస్‌బీ డివైస్‌గా కనపడుతుంది, రెండు డిస్కులూ దాని లోపలి రెండు యూనిట్లు. యుడిస్క్స్‌సీటీఎల్ పవర్-ఆఫ్ చేసేది డిస్కుని ఆపడం మాత్రమే కాదు, ఆ యూఎస్‌బీ డివైస్‌ని డీకాన్ఫిగర్ చేసి అది తగిలిన హబ్ పోర్టునే మూసేస్తుంది. ఇంటికి వచ్చే మెయిన్ ఆపితే అన్ని గదుల్లో దీపాలూ ఆరినట్టు.

ముందే తెలుసుకోవాలంటే రీడ్‌లింక్ -ఎఫ్ /సిస్/బ్లాక్/ఎస్‌డీబీ, అలాగే ఎస్‌డీసీ (రెండు డిస్కుల పేర్లు), రెండూ కొట్టి పోల్చండి. దారిలో 2-1 లాంటి యూఎస్‌బీ భాగం ఒకటే అయి, చివర 6:0:0:0, 6:0:0:1 అని తేడా ఉంటే పవర్-ఆఫ్ రెండింటినీ తీసుకుపోతుంది.

ఒక్క డిస్కునే విడదీయాలంటే స్కజీ పొరలో (కెర్నల్ డిస్కులతో మాట్లాడే పొర) చేయాలి. డెబియన్ 12 కెర్నల్ 6.1లో, రూట్‌గా, ఇలా:

ఎకో 1 > /సిస్/క్లాస్/స్కజీ_డిస్క్/6:0:0:1/మేనేజ్_స్టార్ట్_స్టాప్
ఎకో 1 > /సిస్/బ్లాక్/ఎస్‌డీసీ/డివైస్/డిలీట్

డిలీట్ అన్న పేరు చూసి భయపడక్కర్లేదు, డేటా పోదు, కెర్నల్ జాబితా నుంచి డివైస్ పోతుంది అంతే. పోయేముందు కెర్నల్ డిస్కు సొంత క్యాష్‌ని ఖాళీ చేయమంటుంది, డీఎంఈఎస్‌జీలో "సింక్రనైజింగ్ స్కజీ క్యాష్" అని వస్తుంది. మొదటి వరుస ఎందుకంటే యూఎస్‌బీ డిస్కులకి ఆ విలువ మామూలుగా సున్నా; క్యాష్ ఖాళీ చేస్తుంది గానీ మోటారు ఆపదు. 1 పెడితే "స్టాపింగ్ డిస్క్" అని కూడా వచ్చి డిస్కు లోపల తిరిగే పళ్లెం ఆగుతుంది. ఇంకా కొత్త కెర్నళ్లలో ఈ మీట పేరు మేనేజ్_సిస్టమ్_స్టార్ట్_స్టాప్. కొన్ని చవక బ్రిడ్జ్ చిప్‌లు (యూఎస్‌బీకీ డిస్కుకీ మధ్య ఉండేవి) ఆపమన్న ఆదేశాన్ని పట్టించుకోవు, కాబట్టి చెవి పెట్టి వినడం ఎప్పుడూ తప్పు కాదు.

పొరపాటున డిలీట్ చేస్తే కేబుల్ ముట్టుకోకుండానే వెనక్కి తేవచ్చు: ఎకో "- - -" > /సిస్/క్లాస్/స్కజీ_హోస్ట్/హోస్ట్6/స్కాన్. పవర్-ఆఫ్ అయితే అలా కాదు, మామూలుగా కేబుల్ పీకి మళ్లీ పెట్టే మనిషి కావాలి. మెషీన్ పక్కన ఎవరూ లేనప్పుడు దూరం నుంచి పవర్-ఆఫ్ కొట్టకండి. పోర్టు పోర్టుకీ కరెంటు ఆపగలిగే హబ్ ఉంటే యుహబ్‌సీటీఎల్ పని చేస్తుంది గానీ, అన్ని హబ్‌లకీ ఆ సౌకర్యం ఉండదు.

ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అక్షరాలని స్క్రిప్టులో రాసి నమ్ముకోవద్దు. ఇవాళ్టి సీ, తీసి పెట్టాక డీ కావచ్చు. /డెవ్/డిస్క్/బై-ఐడీ కింద సీరియల్ నంబరుతో ఉన్న పేరు వాడండి, అసలు అక్షరం రీడ్‌లింక్‌తో అప్పటికప్పుడు తీసుకోండి. డాక్‌ల విషయంలో చిన్న చిక్కు: కొన్ని డిస్కు సీరియల్ బదులు తమ సొంత సీరియల్ చూపిస్తాయి, రెండు బేలకీ ఒకే పేరు, చివర యూనిట్ అంకె మాత్రం వేరు. అప్పుడు డిస్కుని కాక బేని గుర్తిస్తున్నట్టు లెక్క. అలాంటి చోట లక్స్ యూయూఐడీయే (ఆ పొర సొంత గుర్తింపు సంఖ్య) దిక్కు.

---

పేజీక్యాష్

కుదురు గారితో ఒక్కచోట కొంచెం విభేదిస్తాను. డేటా వరకూ అయితే, సజావుగా పూర్తయిన యుమౌంట్, ఆపైన క్రిప్ట్‌సెటప్ క్లోజ్ చాలు. ఎక్స్‌టీ4 మూసేటప్పుడు డిస్కు క్యాష్‌కి ఫ్లష్ ఆదేశం కూడా పంపుతుంది. పవర్-ఆఫ్, డిలీట్ వంటివి అదనపు జాగ్రత్తే.

---

కుదురు

ఫ్లష్ ఆదేశాన్ని బ్రిడ్జ్ నిజంగా డిస్కుకి చేరవేస్తే, ఒప్పుకుంటాను. పెన్‌డ్రైవ్‌కీ ఎస్‌ఎస్‌డీకీ నేనూ యుమౌంట్‌తో ఆగుతాను. తిరిగే డిస్కుకి వేరే కారణముంది. కరెంటు హఠాత్తుగా పోతే చదివే, రాసే హెడ్‌ని మిగిలిన తిరుగుడు శక్తితో అత్యవసరంగా పక్కకి లాగాలి. అది తట్టుకునేలానే చేస్తారు గానీ మామూలు పార్కింగ్ కంటే మోటు పద్ధతి. స్మార్ట్‌సీటీఎల్ -డీ శాట్ -ఏ (పెద్ద ఏ) కొట్టి 192వ వరుస చూడండి, చాలా డిస్కుల్లో పవర్-ఆఫ్ రిట్రాక్ట్ కౌంట్ అదే. ప్రతి వారం మార్పిడికీ అది ఒకటి చొప్పున పెరుగుతుంటే మీరు తిరుగుతున్న డిస్కుని లాగుతున్నట్టే.

ఆపమన్న ఆదేశం ఇచ్చాక కూడా ఓ పది పదిహేను సెకన్లు ఆగి, పళ్లెం నిలిచాకే చేతిలోకి తీసుకోండి. తిరుగుతున్న డిస్కుని అటూ ఇటూ తిప్పడమే అసలు ప్రమాదం. ఎస్‌ఎంఆర్ రకం (ట్రాకులు ఒకదానిమీదొకటి కొంత పడేలా రాసే) డిస్కులు యుమౌంట్ తర్వాత కూడా కాసేపు లోపల గరగరమంటాయి, ముందు రాసినదాన్ని తమలో తాము సర్దుకుంటూ. ఆ సర్దుడు మధ్యలో ఆపినా డేటా పోదు, మళ్లీ కరెంటు ఇచ్చినప్పుడు కొనసాగిస్తుంది.

---

చెట్టు_పాత్

డిస్కు లేనప్పుడు ఏమవుతుందన్నది కూడా చూసుకోండి.

మౌంట్ లేకుండా బ్యాకప్ నడిస్తే ఆర్‌సింక్ /బ్యాకప్ అనే ఖాళీ ఫోల్డర్‌లోకి, అంటే రూట్ డిస్కు మీదకే, అంతా కుమ్మరిస్తుంది. రూట్ నిండాక సర్వర్ మొత్తం పడకేస్తుంది. డిస్కు తీసి ఉన్నప్పుడు ఒక్కసారి చాటర్ +ఐ /బ్యాకప్ చేయండి. ఖాళీ ఫోల్డర్‌లో రూట్ కూడా రాయలేదు, పైన డిస్కు మౌంట్ చేయడానికి మాత్రం అడ్డుండదు. స్క్రిప్టు మొదట్లో మౌంట్‌పాయింట్ -క్యూ /బ్యాకప్ || ఎగ్జిట్ 1 ఎలాగూ ఉండాలి.

ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో మౌంట్ చేయాల్సినవాటి జాబితా) బ్యాకప్ డిస్కు వరుసకి నోఆటో గానీ నోఫెయిల్ గానీ లేకపోతే, డిస్కు బయట ఉన్నప్పుడు రీబూట్ అయితే సిస్టమ్‌డీ 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. తెరలేని సర్వర్‌లో అంటే ఎస్‌ఎస్‌హెచ్ రాదు, మీరు తెర పట్టుకుని వెళ్లాలి. క్రిప్ట్‌టాబ్‌లో (లక్స్ డిస్కుల జాబితా) కూడా అదే ఆప్షన్ పెట్టాలి, చాలామంది ఒకచోట పెట్టి రెండోది మరుస్తారు. ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్ వాడుతుంటే యుమౌంట్‌కి ముందు సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ బ్యాకప్.ఆటోమౌంట్ కొట్టండి. లేకపోతే యుమౌంట్ అయిన మరుక్షణం ఏదో మానిటరింగ్ ప్రాసెస్ ఆ ఫోల్డర్‌ని తాకితే మళ్లీ మౌంట్ అయి కూర్చుంటుంది.

ఎవరైనా చెప్పకుండా పీకేస్తే: పాత మౌంట్ అలాగే వేలాడుతుంది, ఎల్‌ఎస్ కొడితే "ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్". వెంటనే మళ్లీ పెట్టినా కలిసిపోదు, కొత్త అక్షరంతో వస్తుంది. డీఎంఈఎస్‌జీలో "లాస్ట్ ఎసింక్ పేజ్ రైట్" ఉంటే ఆ రాతలు పోయినట్టే. ముందు పాత మౌంట్ తీయండి. -ఎల్ వాడదగ్గ చోటు ఇదొక్కటే, అవతల డిస్కే లేదు కాబట్టి. పాత లక్స్ మ్యాపింగ్ మూసి, కొత్త డివైస్‌ని తెరిచి, మౌంట్ చేయకుండా ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్ (ఫైల్‌సిస్టమ్ తనిఖీ) నడపండి. జర్నల్ (మార్పుల చిట్టా) ఫైల్‌సిస్టమ్ అల్లికని కాపాడుతుంది గానీ సగంలో ఆగిన ఫైలు లోపలి సమాచారాన్ని కాదు. అందుకని తర్వాత ఆర్‌సింక్ ఒకసారి --చెక్‌సమ్‌తో నడపండి. రెండు వైపులా ప్రతి ఫైలూ మొత్తం చదువుతుంది కాబట్టి 4 టీబీకి గంటలు పడుతుంది.

---

రాత్రిబ్యాకప్

అందరికీ ధన్యవాదాలు. ఇలా రాసుకున్నాను, తప్పుంటే చెప్పండి:

సెట్ -ఈ
మౌంట్‌పాయింట్ -క్యూ /బ్యాకప్
సింక్ -ఎఫ్ /బ్యాకప్
యుమౌంట్ /బ్యాకప్ || యుమౌంట్ -ఎల్ /బ్యాకప్
క్రిప్ట్‌సెటప్ క్లోజ్ బ్యాకప్
(తర్వాత మేనేజ్_స్టార్ట్_స్టాప్, డిలీట్)

---

ఇనోడ్

నాలుగో వరుసలో "||" నుంచి చివరిదాకా చెరిపేయండి. మొదటి యుమౌంట్ విఫలమైతే సెట్ -ఈ వల్ల స్క్రిప్టు అక్కడే ఆగాలి. మీ రూపంలో -ఎల్ ఎప్పుడూ "సరే" అంటుంది కాబట్టి, తప్పు ఒక మెట్టు కిందకి జారి క్రిప్ట్‌సెటప్ దగ్గర బయటపడుతుంది, అప్పటికి ఎవరు పట్టుకున్నారో ఫ్యూజర్‌తో చూసే వీలు కూడా పోతుంది.

క్లోజ్ తర్వాత, డిలీట్‌కి ముందు ఒక తనిఖీ చేర్చండి: ఎల్‌ఎస్ /సిస్/బ్లాక్/ఎస్‌డీసీ/హోల్డర్స్ ఖాళీగా ఉందా అని. లక్స్‌ని నేరుగా డిస్కు మీద కాక పార్టిషన్ మీద పెట్టి ఉంటే చూడాల్సింది ఎస్‌డీసీ/ఎస్‌డీసీ1/హోల్డర్స్. లోపల డీఎం-0 లాంటి పేరు మిగిలి ఉంటే పై పొర ఏదో ఇంకా తెరిచే ఉంది. ఎందుకంటే డిలీట్ ఎవరినీ అడగదు, మౌంట్‌లో ఉన్న డిస్కునైనా కింద నుంచి లాగేస్తుంది.